సీరియల్ తిరిగొచ్చింది, ఆదివారం రాత్రి తిరిగి రాలేదు

క్లుప్తంగా: ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ నవ్వించిన కామెడీ సీరియళ్లను మళ్లీ తీస్తే చాలావరకు నిలదొక్కుకోలేకపోతున్నాయి. ‘ఇప్పటివాళ్లకు జోకు చెప్పినా కోపమే’ అన్నది అందరి నోటా వినిపించే వివరణ. అందులో నిజం లేకపోలేదు, కానీ అది చిన్న వాటా. కథను నడిపిన పాత ఇబ్బందులు మాయం కావడం, పాత్రలకు వయసు మీద పడటం, రాజకీయ వార్త షూటింగును దాటి పరుగెత్తడం, పాత భాగాలే ఫోనులో ఉచితంగా దొరకడం అంతకన్నా ఎక్కువ నష్టం చేస్తున్నాయి. తెలుగు, తమిళ టీవీ రంగాలు కలిసే చెన్నై నుంచి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుల్లో నడిచింది. మొత్తం 313 భాగాలు. తెలుగు సీరియలే అయినా ప్రసారం చేసినది చెన్నై కేంద్రంగా పనిచేసే సన్ సంస్థ ఛానెల్. పశ్చిమ మాంబళంలోనో విల్లివాక్కంలోనో బళ్లో తమిళం, ఇంట్లో తెలుగుగా పెరుగుతున్న పిల్లలకు తెలుగు నుడికారం వారం వారం క్రమం తప్పకుండా వినిపించిన చోట్లలో అదొకటి.

అది ఆగిపోయిన పన్నెండేళ్లకు, 2020 మార్చి 25న, ఉగాది రోజున ‘అమృతం ద్వితీయం’ జీ5లో మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చినదీ ఆ రోజే. జనం ఇళ్లలో ఉన్నారు, చేతిలో ఫోను ఉంది, కావలసినంత తీరిక ఉంది. ఒక కామెడీ సీరియల్ తిరిగి రావడానికి అంతకన్నా అనువైన ముహూర్తం ఏ పంచాంగకర్తా పెట్టలేడు. అయినా మొదటిదానికి దక్కిన చోటు రెండోదానికి దక్కలేదు.

మరో రెండేళ్లకు ఇలాంటి ప్రయత్నమే తమిళంలో జరిగింది. కె. బాలచందర్ సంస్థ నిర్మాణంలో, నాగా దర్శకత్వంలో తొంభైల చివర రాజ్ టీవీలో వచ్చిన ‘రమణి వర్సెస్ రమణి’ 2022 మార్చిలో మూడో విడతగా ఆహా వేదిక మీదికి వచ్చింది. ఆహా తెలుగువారి సంస్థ. చెన్నై ఛానెల్ తెలుగువారిని నవ్వించిన ఇరవై ఏళ్లకు, తెలుగు సంస్థ చెన్నైవారిని నవ్వించే పనికి పూనుకుందన్నమాట.

ఇరుక్కుపోవడమే కథ

సిట్‌కామ్ అని పిలిచే ఈ తరహా కార్యక్రమంలో నవ్వు జోకుల నుంచి కాక పరిస్థితి నుంచి పుడుతుంది. కొందరు మనుషులు ఒక చోట ఇరుక్కుపోయి ఉంటారు. బయటపడటానికి ఏదో ఎత్తు వేస్తారు, అది బెడిసికొడుతుంది, అరగంట ముగిసేసరికి మళ్లీ మొదటికే వస్తారు. ‘అమృతం’లో అమృతరావు, ఆంజనేయులు హోటల్ పెట్టి బాగుపడాలనుకుంటారు. పిసినారి ఇంటి యజమాని అప్పాజీ ఒకవైపు, వంటవాడు సర్వం మరోవైపు వాళ్లను కదలనివ్వరు. హోటల్ నిజంగా లాభాల్లో పడితే సీరియల్ ఆ వారమే ఆగిపోవాలి.

కాబట్టి పాత సీరియల్‌ను మళ్లీ తీసేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఆనాడు ఈ మనుషులు ఎందులో ఇరుక్కున్నారో అది ఇంకా ఉందా?

కొన్ని విషయాల్లో లేదు. ల్యాండ్‌లైన్ ఫోను ఒకరికి చేస్తే ఇంకొకరు ఎత్తడం, ఉత్తరం వేరే ఇంటికి చేరడం, ఒకే సమయానికి ఇద్దరు అతిథులు ఊడిపడటం వంటి అపార్థాల మీద ఎనభైలు, తొంభైల నాటి కామెడీ సగం బతికింది. సెల్‌ఫోను వీటి ప్రాణం తీసింది. ‘ఎక్కడున్నావు’ అని ఒక్క సందేశం పెడితే తెగిపోయే చిక్కుముడి మీద అరగంట కథ నిలవదు. 2001లో సబ్ టీవీలో వచ్చిన ‘ఆఫీస్ ఆఫీస్’ ప్రభుత్వ కార్యాలయంలో పని జరగక తిరిగే సామాన్యుడి అవస్థ మీద నడిచింది. ఇప్పుడు ఆ తిరుగుడు కొంత వెబ్‌సైటులోకి మారింది. అవస్థ పోలేదు. బల్ల వెనక కూర్చుని పాన్ నములుతూ విసిగించే గుమాస్తా మాత్రం పోయాడు. ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్న నోటీసును చూసి విసుక్కోవచ్చు గానీ దానితో వాదనకు దిగలేం. ఎదురుగా మనిషి లేనిదే హాస్య సన్నివేశం పుట్టదు.

మరికొన్ని విషయాల్లో ఇబ్బంది చెక్కుచెదరలేదు, వేషం మార్చింది. చెన్నైలో అద్దె ఇల్లు దీనికి మంచి ఉదాహరణ. ఇక్కడ పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం పాత ఆచారం. తమిళనాడు 2017 నాటి అద్దె చట్టం, వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదంటుంది. ఆ ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న సందులోంచి పది నెలల ఆచారం హాయిగా రాకపోకలు సాగిస్తోంది. అప్పాజీలకు కొరత లేదని దీని అర్థం. అయితే ఒకప్పటి అప్పాజీ కింది వాటాలోనో పై వాటాలోనో ఉంటూ కుళాయి ఎంతసేపు తిప్పారో కనిపెట్టేవాడు. పాత మహాబలిపురం రోడ్డు పొడవునా లేచిన అపార్ట్‌మెంట్లలో యజమాని డల్లాస్‌లో ఉండవచ్చు. అద్దె ఫోను ద్వారా వెళుతుంది. పెత్తనం నివాసుల సంఘం వాట్సాప్ గ్రూపు చేతికి వచ్చింది. నీళ్ల ట్యాంకర్ ఎవరి డబ్బుతో రావాలి, అద్దెకున్నవారు సంఘం సమావేశంలో మాట్లాడవచ్చా, పనిమనిషి ఏ లిఫ్టు ఎక్కాలి అన్న తగాదాల్లో కామెడీ రచయితకు ఏడాదికి సరిపడా సరుకుంది. పాత సీరియల్‌ను మళ్లీ తీసేవారు పాత పాత్రలను కొత్త ఫర్నిచరు మధ్య కూర్చోబెట్టినంత శ్రద్ధ, పెత్తనం ఎవరి నుంచి ఎవరికి మారిందో కనిపెట్టడంలో చూపడం అరుదు.

ముప్పైలో నవ్వు, యాభైలో జాలి

రెండో చిక్కు వయసుది. ముప్పై ఏళ్ల కుర్రవాడు హోటల్ పెట్టి చేతులు కాల్చుకుంటే నవ్వొస్తుంది, ముందు చాలా జీవితం ఉంది కాబట్టి. అదే మనిషి యాభైలో, కాలేజీ ఫీజు కట్టవలసిన పిల్లలతో అదే పొరపాటు చేస్తే చూసేవారికి లోపల ఎక్కడో చివుక్కుమంటుంది. పాత్రను తెలివైనవాడిగా మారుస్తే కథ నడవదు, మార్చకపోతే బాధగా ఉంటుంది. ఈ సందిగ్ధాన్ని దాటడానికి అమెరికా సీరియల్ ‘ఫ్రేజర్’ కథానాయకుణ్ణి వేరే ఊరికి పంపి, పెద్దవాడైన కొడుకును ఎదుట పెట్టింది. 2004లో ముగిసిన ఆ సీరియల్ 2023లో తిరిగి వచ్చి రెండు విడతలతో ఆగిపోయింది.

‘అమృతం’ విషయంలో ఒక వింత ఉంది. మొదటి ఆరేళ్లలో అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ మార్చి మార్చి వేశారు. ప్రేక్షకులు పెద్దగా పట్టించుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తుందన్న అలవాటు ముఖాల మార్పును మింగేసింది. 2020 నాటికి లెక్క తిరగబడింది. ఆంజనేయులుగా అందరి మనసులో నిలిచిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ పాత్రలోకి ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. ఆయన తక్కువ నటుడేమీ కాదు. కానీ తిరిగొచ్చిన సీరియల్ అమ్మేది జ్ఞాపకాన్ని, జ్ఞాపకానికి ముఖం ఉంటుంది. ఒకప్పుడు పాత్ర పెద్దది, నటుడు మారినా సరిపోయేది. ఇప్పుడు నటుడే పాత్ర అయ్యాడు.

‘రమణి వర్సెస్ రమణి’ ఈ పరీక్షలో కొంత మేలు. మొగుడికీ పెళ్లానికీ ఒకే పేరు పెట్టి, ఇద్దరినీ సమఉజ్జీలుగా నిలిపి నడిపిన కథ అది. భార్యాభర్తల పోట్లాట ముప్పైలోనూ యాభైలోనూ నవ్విస్తుంది, దానికి ఓటమి విషాదం అంటదు. నటుల విషయంలోనూ జాగ్రత్త పడ్డారు. మొదటి విడతలోని వాసుకి ఆనంద్, రెండో విడతలోని రాంజీ మూడో విడతలో దంపతులయ్యారు.

వార్త ముందు, షూటింగు వెనక

రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి పోలిక ఇంకా స్పష్టం. బ్రిటన్‌లో 1980 నుంచి 1988 వరకు రెండు పేర్లతో నడిచిన ‘ఎస్ మినిస్టర్’, ‘ఎస్ ప్రైమ్ మినిస్టర్’ ధారావాహికల్లో మంత్రి ఏ పార్టీవాడో చెప్పరు. మంత్రికీ కార్యదర్శికీ మధ్య జరిగే లాగులాటే కథ. అధికారంలో ఉన్న మార్గరెట్ థాచరే దాన్ని ఇష్టంగా చూసేవారు. 2001లో దాన్ని హిందీలో ‘జీ మంత్రీజీ’గా, ఫారూఖ్ షేక్‌తో, మార్చగలిగారంటే కారణం ఇదే. కార్యదర్శి ఢిల్లీలోనూ కార్యదర్శే. 2013లో రచయితలు మళ్లీ తీయాలనుకున్నప్పుడు బీబీసీ ముందుగా ఒక నమూనా భాగం అడిగింది. ఇప్పటికే 38 నమూనాలు డీవీడీల్లో ఉన్నాయని రచయితలు బదులిచ్చి వేరే ఛానెల్‌కు వెళ్లారు. జవాబు బాగానే ఉంది. అయితే కొత్త ఆరు భాగాల్లో సంకీర్ణ ప్రభుత్వం, యూరప్ ఆర్థిక సంక్షోభం వంటి అప్పటి వార్తలు కథలోకి వచ్చాయి. ఆరుతో అది ఆగిపోయింది.

అమెరికాలో ‘మర్ఫీ బ్రౌన్’ దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. 1992లో పెళ్లి కాకుండా తల్లి అయిన ఆ సీరియల్ కథానాయిక పాత్రను అప్పటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఒక ప్రసంగంలో విమర్శించాడు. కల్పిత పాత్రతో ఉపాధ్యక్షుడు వాదనకు దిగడమే ఆ సీరియల్‌కు పెద్ద ప్రచారమైంది. 2018లో అది తిరిగి వచ్చినప్పుడు అధ్యక్షుడినే నేరుగా ఎదుర్కొంది. పదమూడు భాగాలతో ముగిసింది. ఇక్కడ సమస్య ధైర్యం కాదు, గడియారం. టీవీ భాగం రాసి, తీసి, ప్రసారం చేయడానికి వారాలు పడుతుంది. ఆ ఉదయం జరిగిన సంఘటన మీద మధ్యాహ్నానికి వెయ్యి మీమ్‌లు వస్తాయి, రాత్రికి జోకు పులిసిపోతుంది. అదే ఏడాది మార్చిలో తిరిగొచ్చిన ‘రోజాన్’ మొదటి రాత్రే 1.8 కోట్లకు పైగా ప్రేక్షకులను రాబట్టింది. కుటుంబంలోనే రెండు రాజకీయ పక్షాలున్న ఇంటి కథ కావడం దాని బలం. రెండు నెలలకు కథానాయిక చేసిన జాతి వివక్ష ట్వీట్ కారణంగా ఛానెల్ దాన్ని రద్దు చేసింది. మిగతా కుటుంబంతో ‘ది కానర్స్’ పేరిట కథ 2025 దాకా కొనసాగింది. కథలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా నటుల ఫోను రచయిత చేతిలో ఉండదు.

వార్తతో పోటీపడగల హాస్య రూపం మనకు ఒకప్పుడు ఉండేది, రంగస్థలం. నటుడు ఎం.ఆర్. రాధా తమిళ నాటకాల్లో ఆ రోజు సంగతులను అప్పటికప్పుడు మాటల్లో కలిపేవాడు. 1954లో మద్రాసు రాష్ట్రం తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టానికి ఆయన నాటకాలే ప్రధాన లక్ష్యమని చెప్పుకొనేవారు. ఆయన ‘రత్త కన్నీర్’ను తెలుగులోకి తెచ్చిన నాగభూషణం ‘రక్తకన్నీరు’ వేస్తూ ఊరూరా తిరిగి, ఏ ఊరి రాజకీయాన్ని ఆ ఊళ్లో చురకలుగా వేసేవాడు. అక్కడ మాట గాలిలో కలిసిపోతుంది. రికార్డయిన సీరియల్‌లో ఆ సౌలభ్యం లేదు. నిన్నటి మాట రేపు కూడా అలాగే ఉంటుంది, కత్తిరించి పంచుకోవడానికి వీలుగా.

‘ఆ రోజుల్లో ఏమన్నా చెల్లేది’ అన్న మాట

ఒకప్పుడు స్వేచ్ఛ ఎక్కువ ఉండేదన్న నమ్మకానికి చెన్నై చరిత్ర అంతగా సాక్ష్యం చెప్పదు. 1987లో తమిళ వారపత్రిక ‘ఆనంద వికటన్’ ముఖచిత్రం మీద శాసనసభ్యులను, మంత్రులను దొంగలతో పోల్చిన జోకు ఒకటి వచ్చింది. సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్‌కు తమిళనాడు శాసనసభ మూడు నెలల జైలుశిక్ష వేసింది. నిరసనలు రేగడంతో కొద్ది రోజుల్లోనే విడిచిపెట్టారు. తరవాత ఆయన మద్రాసు హైకోర్టుకు వెళితే పరిహారంగా వెయ్యి రూపాయలు ఇప్పించారు. 2025 ఫిబ్రవరిలో అదే సంస్థ వెబ్‌సైటు ఒక కార్టూన్ తరవాత దేశమంతటా తెరుచుకోకుండా పోయింది. మార్చిలో, కార్టూన్ తాత్కాలికంగా తీసేయాలన్న షరతు మీద, మద్రాసు హైకోర్టు దాన్ని తెరిపించింది.

ఈ రెంటి మధ్య తేడా కోపం మోతాదులో కన్నా దారిలో ఉంది. అప్పట్లో కోపగించేది అధికారంలో ఉన్న కొద్దిమంది, ఎక్కడ కోపగిస్తారో ముందే తెలిసేది. ఇప్పుడు ఫిర్యాదు ఎవరైనా, ఎక్కడి నుంచైనా చేయవచ్చు. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నిబంధనలు ఓటీటీ వేదికలకు వయసుల వారీ వర్గీకరణను, మూడంచెల ఫిర్యాదు విధానాన్ని పెట్టాయి. ఫిర్యాదుకు వేదిక అధికారి పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఇవి విడిగా చూస్తే కఠినమైన నియమాలేమీ కావు. కానీ ఆరు నెలల శ్రమ, ఆరు భాగాల పెట్టుబడి ఒక్క ముక్క వీడియో మీద ఆధారపడి ఉన్నప్పుడు, గొడవ వచ్చే సన్నివేశాన్ని స్క్రిప్టులోనే కొట్టేయడం నిర్మాతకు చవక. కోర్టు దాకా వెళ్లే కేసులు పత్రికల్లో కనిపిస్తాయి. కాగితం మీదే చచ్చిపోయే జోకులను లెక్కపెట్టేవారు లేరు.

2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం న్యాయమూర్తి జి.ఆర్. స్వామినాథన్ ఒక ఫేస్‌బుక్ హాస్య వ్యాఖ్య మీద పెట్టిన కేసును కొట్టేస్తూ, నవ్వించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో వెతకవచ్చన్నారు. పవిత్రమని ఎవరూ తాకకూడని విషయాల జాబితా ప్రాంతాన్ని బట్టి మారుతుందని కూడా ఆ తీర్పు గుర్తించింది. దేశమంతటికీ ఒకేసారి విడుదలయ్యే కార్యక్రమం అన్ని ప్రాంతాల జాబితాలనూ కలిపి చూసుకోవాలి.

తమిళనాడులో దీనికి ఇంకో అంచు ఉంది. ఇక్కడ ఛానెళ్లకే రాజకీయ చుట్టరికాలున్నాయి. సన్ యజమానులు డీఎంకే నాయకత్వానికి బంధువులు, జయలలిత ఉన్నంతకాలం జయ టీవీ అన్నాడీఎంకే వైపు నిలిచింది, 2007లో మొదలైన కలైంజ్ఞర్ టీవీ డీఎంకే వైపు, మక్కళ్ టీవీ పీఎంకే వైపు. ఇలాంటి చోట పార్టీల మీద కామెడీ సీరియల్ తీస్తే అది సగం మందికి జోకుగా, సగం మందికి ప్రచారంగా కనిపిస్తుంది. ఇల్లూ హోటలూ పునాదిగా సాగిన ‘అమృతం’ ఆరేళ్లు చెన్నై యాజమాన్యం కింద నిర్విఘ్నంగా నడవడానికి ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చు.

అరవ యాస, గుల్టి వెటకారం

హాస్యం మారిందన్నప్పుడు నిజంగా మారినదేమిటో చెన్నై తెలుగువారికి ఇతరులకన్నా బాగా తెలుసు. తమిళ హాస్యంలో తెలుగువాడు ‘గుల్టి’. తెలుగు హాస్యంలో తమిళుడు ‘అరవవాడు’, సాంబారు, అడ్డదిడ్డం తెలుగు. కోడంబాక్కంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబానికి ఈ రెండు జోకులూ తగులుతాయి. తమిళ సీరియల్‌లో యాస వల్ల నవ్వులపాలయ్యేదీ వాళ్లే, హైదరాబాదు కార్యక్రమంలో ‘మద్రాసు తెలుగు’ అని వెక్కిరింపుకు గురయ్యేదీ వాళ్లే. ఒకే ఇంట్లో రెండు ఛానెళ్లు చూసినవారు ఎప్పుడో గమనించిన సంగతిని మిగతా ప్రేక్షకులు ఇప్పుడు గమనిస్తున్నారు. యాస మీద జోకు వేసేవాడు ఎదుటివాడు ఆ గదిలో లేడనుకుంటాడు. ఓటీటీలో ఉపశీర్షికలతో అందరూ ఒకే గదిలో ఉన్నారు.

ఒళ్లు, రంగు, యాస, భార్య చేతి అప్పడాల కర్ర. పాత హాస్యంలో ఇవి సులువుగా నవ్వు రాబట్టే దినుసులు. వీటిని తీసేస్తే ఏమీ మిగలని సీరియళ్లు ఉన్నాయి, వాటిని మళ్లీ తీయడం దండగ. పిసినారితనం, గొప్పలకు పోవడం, పక్కింటివాడి మీద అసూయ మీద నిలబడినవి ఉన్నాయి, వాటికి ఈ మార్పుతో పెద్ద నష్టం లేదు.

పాతదే పోటీ

ఒక వ్యాపార లెక్క మిగిలింది. వేదికలు పాత పేర్లను ఎంచుకోవడానికి కారణం సులభం: కొత్త పేరును జనానికి పరిచయం చేయడానికి పెట్టే ప్రచార ఖర్చు మిగులుతుంది. కానీ ఆ పేరుతో వెతికినవారికి మొదట ఎదురయ్యేది పాత భాగాలే. ‘అమృతం’ పాత భాగాలు యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి. చందా కట్టి చూడవలసిన కొత్త భాగం, పైసా ఖర్చు లేని పాత భాగంతో అదే తెర మీద పోటీపడాలి. పైగా పాత భాగాల్లో బాగున్నవే జనం పదేపదే చూస్తారు, చప్పగా ఉన్నవి ఎవరికీ గుర్తుండవు. కొత్తదాన్ని మాత్రం మొదటి భాగంతోనే తూకం వేస్తారు. 313లోంచి ఏరిన ముప్పైతో ఏ కొత్త రచయిత పోటీపడగలడు?

అందువల్ల ముందుముందు పెద్ద పునరుద్ధరణల కన్నా రెండు రకాల ప్రయత్నాలు ఎక్కువ కావచ్చు. ఆరేడు భాగాలతో పండగకు వచ్చి వెళ్లే చిన్న విడతలు ఒకటి. పాత భాగాల బొమ్మను శుభ్రం చేసి మళ్లీ పెట్టడం రెండోది, దానికి కొత్త స్క్రిప్టు ఖర్చే లేదు. పార్టీ రాజకీయం సీరియళ్లలోంచి ఇంకా తప్పుకొని, ఒంటరిగా మైకు పట్టుకుని నిలబడే స్టాండప్ హాస్యగాళ్ల మీద పడుతుంది. ఆ దెబ్బలు కూడా వాళ్లకే తగులుతాయి. 2025 మార్చిలో ముంబయి ప్రదర్శన మీద కేసు ఎదుర్కొన్న కునాల్ కామ్రా తమిళనాడులోని విళుప్పురం నివాసిగా మద్రాసు హైకోర్టును ఆశ్రయించి తాత్కాలిక ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు.

ఈ లెక్కలేవీ వర్తించని చోటు ఒకటి చెన్నైలోనే ఉంది. హాస్య నాటక రచయిత క్రేజీ మోహన్ 2019 జూన్‌లో చనిపోయాక కూడా ఆయన బృందం తమ్ముడు మాధు బాలాజీ ఆధ్వర్యంలో అవే హాస్య నాటకాలు వేస్తోంది. చూడాలంటే చెప్పిన రోజున, చెప్పిన వేళకు నాటకం ఆడే హాలుకు వెళ్లి, పక్కవాడి నవ్వు వినపడేంత దగ్గరగా కూర్చోవాలి. ఎనిమిదిన్నరకు టీవీ ముందు చేరిన ఆదివారం రాత్రుల్లో జరిగినదీ దాదాపు ఇదే.